సిర్ఫిడ్ ఈగలు: తేనెటీగలు, కందిరీగల నుంచి వేరుగా గుర్తించడం

పూల మీద పసుపు, నలుపు చారలతో కనబడి తేనెటీగో కందిరీగో అనిపించే పురుగుల్లో చాలా వరకు నిజానికి ఈగలు. వాటిలో పెద్ద వాటా సిర్ఫిడే కుటుంబానిది. ఫ్రెంచి కీటక శాస్త్రవేత్త లాత్రేయ్ 1802లో ఏర్పరచిన ఈ కుటుంబంలో ఇప్పటికి సుమారు 6,000 జాతులు నమోదయ్యాయి. అంటార్కిటికా తప్ప అన్ని ఖండాల్లోనూ ఇవి ఉన్నాయి. భారతదేశంలో మూడు వందలకు పైగా జాతులు తెలుసు. గాలిలో ఒకేచోట కదలకుండా నిలబడి, ఉన్నట్టుండి పక్కకు దూసుకుపోయే అలవాటును బట్టి ఇంగ్లీషులో వీటిని హోవర్ ఫ్లైలు అంటారు. మన వ్యవసాయ సలహా పుస్తకాల్లో సిర్ఫిడ్ ఈగలు అన్న పేరే వాడుకలో ఉంది.

ఇవి కుట్టవు, కరవవు. వీటికి కొండి లేదు, కొరికే దవడలూ లేవు. అవి ఉన్నవాటిలా కనిపించడమే వీటికున్న రక్షణ. కాబట్టి వీటిని గుర్తుపట్టాలనుకునేవారు మొట్టమొదట పక్కన పెట్టవలసినవి రంగు, చారలు. అవి ఉన్నదే చూసేవాళ్లను మోసం చేయడానికి. మీసాలు, కళ్లు, రెక్కలు, కాళ్లు అలా కాదు. అక్కడిదాకా వేషం చాలా అరుదుగా చేరుతుంది. చేరిన చోట కూడా ఎక్కడో ఒక లోపం మిగిలిపోతుంది.

బంధుత్వం

తేనెటీగలు, కందిరీగలు, చీమలు ఒకే వర్గానికి చెందుతాయి. దాని పేరు హైమెనోప్టెరా. వేటాడే కందిరీగల్లోని ఒక శాఖ మాంసం మాని పుప్పొడికి అలవాటుపడటం వల్ల తేనెటీగలు పుట్టాయి. డైనోసార్లు తిరిగిన క్రెటేషియస్ యుగంలో జరిగిన మార్పు ఇది. కందిరీగకూ తేనెటీగకూ మధ్య కొన్ని పోలికలు ఉన్నాయంటే అది నకలు కాదు, రక్తసంబంధం.

సిర్ఫిడ్ ఈగలది వేరే వంశం. ఇవి డిప్టెరా వర్గంలోవి. ఇంట్లో తిరిగే ఈగ, దోమ, జోరీగ, పండు ఈగ వీటి చుట్టాలు. పేరులో 'ఈగ' ఉన్నంత మాత్రాన తేనెటీగ ఈ వర్గంలోకి రాదు. రెండు వంశాలూ విడిపోయి ఇరవై కోట్ల సంవత్సరాలు దాటింది. ఆ దూరం బయటి రంగుల్లో కనిపించదు గానీ శరీర నిర్మాణంలో ప్రతిచోటా ఉంది.

శరీరంలో చూడవలసినవి

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం రెక్కల సంఖ్య. ఈగకు రెండే రెక్కలు, తేనెటీగకూ కందిరీగకూ నాలుగు. వినడానికి సులువుగా ఉన్నా పొలంలో, తోటలో ఇది అంత తేలికగా పనిచేయదు. తేనెటీగ వెనక రెక్క అంచున వరుసగా చిన్న కొక్కేలు ఉంటాయి. ఎగిరేటప్పుడు అవి ముందు రెక్క అంచులో తగులుకొని రెండు రెక్కలనూ ఒకటిగా చేస్తాయి. దాంతో బయటికి ఒక్కో పక్క ఒక్కో రెక్కే ఉన్నట్టు కనిపిస్తుంది. చచ్చిన పురుగును చేతిలో పట్టుకొని చూసేవారికి రెక్కల లెక్క ఎంత నిశ్చయమో, పువ్వు పక్కన నిలబడి చూసేవారికి అంత అనుమానం. చాలా పుస్తకాలు ఈ గుర్తునే మొదట చెప్పి ఊరుకుంటాయి. బయట తిరిగేవారికి దానివల్ల ఒరిగేది తక్కువ.

ఈగల్లో వెనక జత రెక్కలు కుంచించుకుపోయి, చివర గుండు ఉన్న పొట్టి కాడలుగా మిగిలాయి. వీటిని హాల్టేర్లు అంటారు. ఎగిరేటప్పుడు ఇవి రెక్కలకు ఎదురు లయలో కంపిస్తూ, శరీరం ఏ పక్కకు తిరుగుతోందో ఈగకు తెలియజేస్తాయి. ఇవి తీసేసిన ఈగ గాలిలో నిలవలేదని ఇంగ్లండ్‌కు చెందిన విలియం డెరమ్ 1714 ప్రాంతంలోనే గమనించాడు. సిర్ఫిడ్ ఈగ గాలిలో అంత నిలకడగా ఉండగలగడానికి ఈ అవయవాలే ఆధారం.

రెక్కలోని ఈనెలు చూడగలిగితే సిర్ఫిడ్ ఈగను ఇతర ఈగల నుంచి కూడా వేరు చేయవచ్చు. రెక్క మధ్యలో పొడవునా ఒక మసక గీత ఉంటుంది. చూడటానికి ఈనెలాగే ఉన్నా ఏ ఈనెలోనూ మొదలవదు, ఏ ఈనెలోనూ కలవదు. రెక్క పొరలో పడిన మడత అది, దొంగ ఈనె. కొన్ని ప్రజాతుల్లో ఇది మరీ మసకగా ఉంటుంది, కొన్నిటిలో అసలు ఉండదు. అయినా కుటుంబాన్ని నిర్ధారించడానికి శాస్త్రవేత్తలు మొదట వెతికేది దీన్నే. దీనికి తోడు, రెక్క వెనక అంచుకు సమాంతరంగా ఈనెలు కలిసి లోపల మరో అంచు గీసినట్టు ఉంటాయి. మంచి లెన్సుతో తీసిన ఫొటోలో ఈ రెండూ బాగానే తెలుస్తాయి.

బయట చూసేవారికి నిజంగా అక్కరకొచ్చేవి మీసాలు. తేనెటీగ, కందిరీగ మీసాలు పొడుగ్గా ఉండి మోచేయిలా వంగుతాయి. ఆడదానికి 12, మగదానికి 13 కణుపులు. పువ్వు మీద పనిచేస్తున్నంతసేపూ అవి అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. సిర్ఫిడ్ ఈగ మీసాలు చాలా పొట్టి. మూడే కణుపులు. మూడో కణుపు మీద ఒక సన్నని వెంట్రుక నిలబడి ఉంటుంది. రెండడుగుల దూరం నుంచి చూస్తే ఈగకు మీసాలే లేనట్టు ఉంటుంది. ముఖం ముందు రెండు గీతలు స్పష్టంగా కదులుతున్నాయా లేదా అన్న ఒక్క ప్రశ్నతో చాలాసార్లు సంగతి తేలిపోతుంది.

ఇక్కడా మినహాయింపులు ఉన్నాయి. భారతదేశంలోనూ ఉన్న మోనోసెరోమియా వంటి ప్రజాతుల్లో నుదుటి మీద పొడుచుకొచ్చిన కాడ చివర మీసాలు మొలిచి, మొత్తం కలిసి కందిరీగ మీసాలంత పొడవు కనిపిస్తాయి. పొట్ట మొదట్లో సన్నబడి నడుము కూడా ఉంటుంది. ఉత్తర అమెరికాలోని స్పైలోమియా లాంగికోర్నిస్ మరో ఉపాయం పట్టింది. దాని మీసాలు పొట్టివే. కానీ ముందు కాళ్ల చివరలు నల్లగా ఉంటాయి. ఆ కాళ్లను తల ముందుకెత్తి ఆడిస్తుంది. చూసే పిట్టకు అవి మీసాలే.

తరువాత కళ్లు. సిర్ఫిడ్ ఈగ తలలో ఎక్కువ భాగాన్ని కళ్లే ఆక్రమిస్తాయి. మగ ఈగలో చాలా జాతులకు రెండు కళ్లూ నడినెత్తిన కలుసుకుంటాయి. ఆడ ఈగలో వాటి మధ్య సన్నని ఖాళీ ఉంటుంది. కాబట్టి ఇది సిర్ఫిడ్ ఈగ అని తేల్చుకున్నాక అదే చూపులో ఆడదో మగదో కూడా చెప్పేయవచ్చు. తేనెటీగ, కందిరీగ కళ్లు తలకు ఇరుపక్కల నిలువుగా, కోలగా ఉంటాయి. కందిరీగల్లో చాలా వాటికి కన్ను లోపలి అంచు నొక్కుకుపోయి ఉంటుంది. ఒక చిక్కు మాత్రం గుర్తుంచుకోవాలి: తేనెపట్టులోని మగ తేనెటీగకు కళ్లు పెద్దవి, నెత్తిన కలుస్తాయి కూడా. అయితే అవి పూల మీద వాలి తిరగవు, తిండి పట్టులోనే దొరుకుతుంది. అందుకని పువ్వు మీద వాటితో పొరబడే అవకాశం దాదాపు లేదు.

కాళ్లు తేనెటీగకు పనిముట్లు. కూలి తేనెటీగ వెనక కాలి మీద పుప్పొడి బుట్ట ఉంటుంది. తోటలో తిరిగేటప్పుడు అందులో పసుపు, నారింజ రంగు ముద్దలు కనిపిస్తాయి. ఆకులు గుండ్రంగా కత్తిరించుకుపోయే మెగాకైలే తేనెటీగలు పుప్పొడిని కాళ్లకు కాక పొట్ట అడుగున ఉన్న దట్టమైన వెంట్రుకల్లో మోస్తాయి. సిర్ఫిడ్ ఈగ పుప్పొడిని తింటుందే గానీ ఇంటికి మోయదు. దానికి ఇల్లూ లేదు, పెంచవలసిన పిల్లలూ లేరు. కాలికి పుప్పొడి ముద్ద ఉంటే అది తేనెటీగే. ముద్ద లేకపోతే మాత్రం ఏమీ తేలదు: మగ తేనెటీగలు, ఇతర తేనెటీగల గూళ్లలో దొంగతనంగా గుడ్లు పెట్టే జాతులు పుప్పొడి మోయవు. భూతద్దం ఉంటే మరో తేడా తెలుస్తుంది. తేనెటీగ ఒంటి వెంట్రుకలు కొమ్మలు వేసి ఉంటాయి, ఈగ వెంట్రుకలు నున్నగా ఒంటి పోచలు.

నడుము గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కందిరీగకు సన్నని నడుము ఉంటుంది, సిర్ఫిడ్ ఈగల్లో చాలా వాటికి పొట్ట ఛాతీకి నేరుగా అతుక్కుని, పైనుంచి చూస్తే చదునుగా ఉంటుంది. వాలినప్పుడు రెక్కలు పెట్టుకునే తీరు ఇంకా ఆసక్తికరం. చూరుకింద కాగితపు గూళ్లు కట్టే కందిరీగలు వాలగానే రెక్కలను నిలువునా మడుచుకుంటాయి. అవి సన్నని ముదురు పట్టీల్లా కనిపిస్తాయి. సిర్ఫిడ్ ఈగ రెక్కలను మడవలేదు. చదునుగా, కొంచెం విప్పి ఉంచుతుంది. కందిరీగను అనుకరించే కొన్ని జాతులకు రెక్క ముందు అంచు మాత్రమే ముదురు గోధుమ రంగులో ఉండి, మిగతాది పారదర్శకంగా ఉంటుంది. దూరం నుంచి ఆ ముదురు భాగమే కంటికి ఆని, మడిచిన రెక్కలాగే అనిపిస్తుంది.

నోరు కూడా చెబుతుంది. సిర్ఫిడ్ ఈగ పువ్వు మీద మెత్తని తొండాన్ని ఆనించి పుప్పొడిని అద్దుకుంటుంది. తేనెటీగ నాలుకను పువ్వు లోపలికి చాస్తుంది. కందిరీగ దవడలు బయటికే కనిపిస్తాయి, వాటితో పురుగును నమిలి ముద్ద చేసి గూటికి తీసుకుపోతుంది.

నమ్మకూడని గుర్తులు

గాలిలో నిలబడితే సిర్ఫిడ్ ఈగే అన్న మాట సగమే నిజం. తుమ్మెదలని మనం పిలిచే వడ్రంగి తేనెటీగల్లో మగవి తమ హద్దును కాపలా కాస్తూ ఒకేచోట చాలాసేపు నిలుస్తాయి. పొట్ట మీద నీలి పట్టీలుండే అమెగిల్లా తేనెటీగ తులసి పూల ముందు ఆగి ఆగి ఎగురుతుంది. అటు ఎరిస్టాలిస్ వంటి సిర్ఫిడ్ ఈగలు పూల మధ్య తిరిగేటప్పుడు తేనెటీగ పద్ధతినే పాటిస్తాయి. ఒక్కో పువ్వు మీద ఎంతసేపు ఉంటాయి, పువ్వు నుంచి పువ్వుకు ఎంతసేపు ఎగురుతాయి అన్నవి కొలిచి చూస్తే, ఎరిస్టాలిస్ లెక్కలు ఇతర ఈగలకన్నా తేనెటీగ లెక్కలకే దగ్గరగా ఉన్నాయని గోల్డింగ్, ఎడ్మండ్స్ 2000లో చూపారు. వేషం రంగుతో ఆగలేదు, నడకలోకీ వచ్చింది.

మనిషి ఒంటి మీద వాలి చెమట నాకేవి సిర్ఫిడ్ ఈగలు మాత్రమే కావు, హాలిక్టిడే కుటుంబపు చిన్న తేనెటీగలూ అదే పని చేస్తాయి. చేతి మీద వాలి పొట్టను కిందికీ పైకీ ఆడించే చారల పురుగు కుట్టబోతోందని చాలామంది విదిలించుకుంటారు. అది చాలావరకు సిర్ఫిడ్ ఈగే, ఊరికే ఆడిస్తోంది. కొన్ని జాతులు పట్టుకుంటే పొట్ట చివరను వేలికి గుచ్చుతున్నట్టు నొక్కుతాయి కూడా. గుచ్చడానికి అక్కడ ఏమీ లేదు. కొండి అనేది హైమెనోప్టెరా ఆడ పురుగుల్లో గుడ్లు పెట్టే గొట్టం నుంచి మారిన అవయవం. ఈగలకు ఆ వంశపారంపర్యం లేదు.

ఇక రంగు. ఒకే జాతి సిర్ఫిడ్ ఈగల్లోనే అది మారుతుంది. ఎపిసిర్ఫస్ బాల్టియాటస్ కోశ దశ చల్లని వాతావరణంలో గడిస్తే పెద్ద ఈగ నల్లగా వస్తుంది, వెచ్చగా గడిస్తే నారింజ రంగు ఎక్కువ. కాబట్టి ఫొటోలో చారల వెడల్పు కొలిచి జాతి పేరు చెప్పేవారి ధైర్యాన్ని మెచ్చుకోవాలి తప్ప మాటను నమ్మనక్కరలేదు.

వేషం ఎందుకు, ఎంతవరకు

హాని చేయని జీవి హాని చేసే జీవిలా కనిపించి బతకడాన్ని బేట్స్ అనుకరణ అంటారు. హెన్రీ వాల్టర్ బేట్స్ ఇంగ్లండ్ నుంచి 1848లో అమెజాన్ అడవులకు వెళ్లి పదకొండేళ్లు కీటకాలు సేకరించాడు. 1862లో వెలువడిన తన వ్యాసంలో ఈ సిద్ధాంతాన్ని చెప్పింది సీతాకోకచిలుకల గురించి. డార్విన్ పుస్తకం వచ్చి అప్పటికి మూడేళ్లే కావడంతో, ప్రకృతి వరణానికి కళ్లకు కనబడే ఉదాహరణగా అది పేరు తెచ్చుకుంది. సిర్ఫిడ్ ఈగలు తరువాత ఆ సిద్ధాంతానికి బలమూ అయ్యాయి, తలనొప్పీ అయ్యాయి.

తలనొప్పి ఎక్కడంటే, చాలా సిర్ఫిడ్ ఈగల వేషం అరకొరగా ఉంటుంది. ప్రకృతి వరణం అంత పదునైనదైతే నకలు ఇంకా ఇంకా దగ్గరపడాలి కదా? మనిషి కంటికి తేలిగ్గా దొరికిపోయే జాతులు వందలకొద్దీ ఎలా మిగిలాయి?

ఒక జవాబు పావురాల నుంచి వచ్చింది. డిట్రిచ్, గిల్బర్ట్, వారి సహచరులు 1993లో ప్రచురించిన ప్రయోగంలో పావురాలకు కందిరీగల, ఈగల బొమ్మలు చూపి తేడా నేర్పారు. తరువాత రకరకాల సిర్ఫిడ్ ఈగలు చూపి వాటిని ఎటువైపు లెక్కకడతాయో చూశారు. మొత్తం మీద పావురాల వరుస మనుషుల వరుసకు దగ్గరగానే ఉంది. కానీ మనం చప్పున ఈగలని పోల్చేసే సిర్ఫస్ రైబెసీ, ఎపిసిర్ఫస్ బాల్టియాటస్‌లను పావురాలు కందిరీగకు చాలా దగ్గరి పోలికగా లెక్కగట్టాయి. ఆ రెండూ ఐరోపాలో విరివిగా కనిపించేవే కావడం గమనించదగ్గది. పోలిక బాగుందో లేదో తేల్చవలసింది మనిషి కన్ను కాదు, తినే పిట్ట కన్ను.

రెండో జవాబు కెనడాలోని కార్ల్‌టన్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చింది. పెన్నీ, షెరట్ తదితరులు 2012లో నేచర్ పత్రికలో ప్రచురించిన పరిశీలన ప్రకారం సిర్ఫిడ్ ఈగ ఎంత పెద్దదైతే వేషం అంత బాగుంటుంది. పెద్ద ఈగ పిట్టకు మంచి భోజనం, దాని కోసం పిట్ట కాస్త అపాయానికైనా తెగిస్తుంది. చిన్న ఈగ కోసం కుట్టించుకునే ప్రమాదం తెచ్చుకోవడం దండగ. కాబట్టి చిన్నదానికి ఆ మాత్రం చారలు చాలు. అరకొర వేషాలకు ఇప్పటిదాకా వచ్చిన వివరణల్లో సూటిగా ఉన్నది ఇదే.

వేషం అందరి ముందూ చెల్లదు. తీగల మీద కూర్చుని వేటాడే చిన్న పసిరిక పిట్టకు తేనెటీగలూ కందిరీగలే రోజువారీ తిండి. పట్టిన పురుగును కొమ్మకేసి కొట్టి, రుద్ది, కొండిని విషంతో సహా వదిలించి మింగుతుంది. కుట్టేవాటినే వెతుక్కునే పిట్ట ముందు కుట్టేదానిలా కనబడటం సిర్ఫిడ్ ఈగకు లాభం కాదు సరికదా, నష్టం.

పొరపాటు మీద నిలిచిన రెండు నమ్మకాలు

తేనెటీగలు చచ్చిన ఎద్దు కళేబరం నుంచి పుడతాయని మధ్యధరా ప్రాంతపు ప్రాచీనులు నమ్మారు. రోమన్ కవి వర్జిల్ తన జార్జిక్స్ కావ్యం నాలుగో భాగంలో ఆ తంతును వివరంగానే వర్ణించాడు. బైబిల్ న్యాయాధిపతుల గ్రంథంలో సమ్సోను సింహపు కళేబరంలో తేనెటీగల గుంపునూ తేనెనూ చూస్తాడు. కీటక శాస్త్రవేత్త ఓస్టెన్ సాకెన్ 1894 నాటి తన పుస్తకంలో దీనికి ఒక వివరణ ఇచ్చాడు. కుళ్లిన ద్రవాల్లో పెరిగే ఎరిస్టాలిస్ టెనాక్స్ అనే సిర్ఫిడ్ ఈగ తేనెటీగను అచ్చంగా పోలి ఉంటుంది. కళేబరపు ఊట నుంచి ఆ ఈగలు లేవడం చూసినవారు తేనెటీగలు పుట్టాయనుకున్నారు. తేనె ఎక్కడిదన్న ప్రశ్నకు ఈ వివరణ జవాబు చెప్పదు. అయినా చూపు చేసిన పొరపాటు శతాబ్దాల నమ్మకం కావచ్చనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

మన దగ్గర దానికి జోడీగా భ్రమరకీట న్యాయం ఉంది. భ్రమరం ఒక పురుగును పట్టి తెచ్చి మట్టిగూట్లో పెడుతుందనీ, ఆ పురుగు భయంతో భ్రమరాన్నే ధ్యానిస్తూ తానూ భ్రమరమై బయటికి వస్తుందనీ వేదాంతులు ఉపమానంగా చెబుతారు. జీవుడు బ్రహ్మాన్ని ధ్యానించి బ్రహ్మమే కావడాన్ని చెప్పడానికి ఆ ఉపమానం చక్కగా సరిపోయింది. గూట్లో జరిగేది వేరు. మట్టిగూడు కట్టే కందిరీగ గొంగళిపురుగును కుట్టి, చంపకుండా కదలకుండా మాత్రం చేసి గూట్లో దాస్తుంది. అక్కడే గుడ్డు పెట్టి మూత వేస్తుంది. గుడ్డులోంచి వచ్చిన పిల్ల ఆ గొంగళిపురుగును తిని పెరిగి కందిరీగగా ఎగిరిపోతుంది. గొంగళిపురుగు పెట్టిన గూట్లోంచి కందిరీగ రావడం మన పెద్దలు సరిగ్గానే చూశారు. మధ్యలో ఏం జరిగిందో చూడటానికి గూడు పగలగొట్టలేదు.

పిల్ల దశ

పెద్ద పురుగుల్లో ఎంత పోలిక ఉన్నా పిల్లల్లో పోలికే లేదు. తేనెటీగ పిల్లలు మైనపు గదుల్లో, కందిరీగ పిల్లలు కాగితపు లేదా మట్టి గదుల్లో, తల్లో అక్కలో తెచ్చిపెట్టింది తింటూ పెరుగుతాయి. సిర్ఫిడ్ ఈగ పిల్లకు ఎవరూ ఏమీ తెచ్చిపెట్టరు. అది ఏం తింటుందన్నది జాతిని బట్టి నమ్మలేనంతగా మారిపోతుంది.

ఎరిస్టాలిస్, ఎరిస్టాలినస్ పిల్లలు మురుగు గుంటల్లో, పేడ ఊటలో, కుళ్లిన ఆకుల నీటిలో ఉంటాయి. వెనకనుంచి ఒంటికన్నా ఎన్నో రెట్లు సాగే గొట్టాన్ని నీటి పైకి చాచి గాలి పీల్చుకుంటాయి. అందుకే వాటిని ఎలుకతోక పురుగులంటారు. మైక్రోడాన్ పిల్లలు చీమల పుట్టల్లో చీమల గుడ్లనూ పిల్లలనూ తిని బతుకుతాయి. చూడటానికి పురుగులా కాక నత్తలా ఉండే ఆ జీవిని 19వ శతాబ్దంలో జర్మన్ శాస్త్రవేత్త స్పిక్స్ నత్తల జాతిలో చేర్చి పేరు కూడా పెట్టాడు. ఐరోపాలోని వొలుసెల్లా జాతుల్లో చాలా వాటి పిల్లలు బంబుల్ తేనెటీగల, కందిరీగల గూళ్లలో చెత్త తింటూ పెరుగుతాయి.

రైతుకు కావలసినది పేనుబంకను తినే రకం. ఆడ ఈగ పేనుబంక ఉన్న మొక్కను వెతికి, వాటి మధ్యలోనే ఒక్కొక్కటిగా తెల్లని కోల గుడ్లు పెడుతుంది. పొదిగిన పిల్లకు కాళ్లుండవు, కళ్లుండవు. తల భాగాన్ని అటూ ఇటూ తడుముతూ పేనుబంకను తగిలించుకొని, పైకెత్తి రసం పీల్చి, తొక్కను వదిలేస్తుంది. పెరిగే దశ ముగిసేలోగా ఒక్కో పిల్ల కొన్ని వందల పేనుబంకలను తింటుంది. ఆకుపచ్చగా, మెత్తగా, ఆకు మీద జారే ఆ పిల్లను ఆకు తినే పురుగనుకొని నలిపేయడం మామూలు. గొంగళిపురుగుకు కాళ్లూ, విడిగా కనిపించే తలా ఉంటాయి. సిర్ఫిడ్ పిల్లకు రెండూ ఉండవు. ముందువైపు మొనదేలి, వెనక మొద్దుగా ఉంటుంది. అదీగాక ఆకుకు చిల్లు ఉండదు.

పొలంలో ఈ తేడాల విలువ

మిత్ర పురుగుల జాబితాలో అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగుల పక్కన సిర్ఫిడ్ ఈగ పేరు ఎప్పుడూ ఉంటుంది. మొదటి రెండింటినీ రైతులు బాగానే గుర్తుపడతారు. మూడోదాన్ని తేనెటీగ లెక్కలో వేసేస్తారు. తేనెటీగ అనుకున్నా దానికి హాని చేయరు కాబట్టి నష్టం లేదనిపించవచ్చు. కానీ తేనెటీగ ఆ పైరులో గుడ్లు పెట్టదు, సిర్ఫిడ్ ఈగ పెడుతుంది. అలసంద కొమ్మల మీద, కుసుమ, ఆవ పూగుత్తుల మీద పేనుబంక చేరినచోట ఈ ఈగలు తచ్చాడుతుంటే, నాలుగైదు రోజుల్లో పిల్లలు పనిలోకి దిగుతాయని అర్థం. మందు కొట్టాలా, ఆగాలా అన్న నిర్ణయం దాన్ని బట్టి మారాలి. కొట్టిన మందు పేనుబంకతో పాటు పిల్లలనూ చంపుతుంది. పేనుబంక త్వరగా తిరిగి పెరుగుతుంది, ఈగలు అంత త్వరగా పెరగవు.

వీటి సంఖ్య ఎంత పెద్దదో దక్షిణ ఇంగ్లండ్‌లో రాడార్లతో పదేళ్లు లెక్కించారు. 2019లో వెలువడిన ఆ లెక్క ప్రకారం ఎపిసిర్ఫస్ బాల్టియాటస్, యూపియోడెస్ కొరోల్లే అన్న రెండు వలస జాతులే ఏటా 400 కోట్ల వరకు ఆకాశ మార్గాన వచ్చిపోతున్నాయి. వాటి పిల్లలు తినే పేనుబంక 3 నుంచి 10 లక్షల కోట్లు.

పెద్ద ఈగలు పరాగ సంపర్కానికీ పనికొస్తాయి. ప్రపంచంలోని ముఖ్య ఆహార పంటల్లో 72 శాతం పూల మీద సిర్ఫిడ్ ఈగలు వాలుతాయని 2020 నాటి ఒక సమీక్ష తేల్చింది. వీటి తొండం పొట్టి. అందుచేత లోతులేని పూలంటే ఇష్టం: కొత్తిమీర, ఉల్లి, క్యారెట్, ఆవ, మామిడి. మామిడి పూతకు తేనెటీగలకన్నా ఈగల సేవే ఎక్కువ. ఒంటి మీద వెంట్రుకలు తక్కువ కాబట్టి ఒక్కో ఈగ మోసే పుప్పొడి తేనెటీగ మోసేదానికన్నా తక్కువే. ఆ లోటును సంఖ్యతోనూ, మబ్బు పట్టిన చల్లని పూటల్లో కూడా తిరగడంతోనూ కొంత తీరుస్తాయి.

మన చుట్టుపక్కల

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ పొలాల్లో పేనుబంక పక్కన తరచుగా కనిపించేది ఇస్కియోడాన్ స్కుటెల్లారిస్. సన్నని పొట్ట మీద పసుపు మచ్చలు, ఛాతీకి రెండు పక్కలా పసుపు అంచు. దాన్ని చిన్న కందిరీగ అనుకుంటారు. దానికన్నా బాగా చిన్నది పారగస్, సగం నలుపు, సగం ఎరుపు గోధుమ. ఇది ముసురు తేనెటీగలతో కలిసిపోతుంది. మురుగు కాలవల పక్క పూల మీద, ఊరి తోటల్లో తిరిగే లావుపాటి ఎరిస్టాలినస్ ఈగలు తేనెటీగ నకళ్లు. కొన్నిటి కళ్ల మీద చుక్కలు, కొన్నిటి కళ్ల మీద నిలువు చారలు ఉంటాయి. మన తేనెటీగల్లో వేటికీ అలాంటి కళ్లు లేవు కాబట్టి ఈ ఒక్క గుర్తు సరిపోతుంది. ఫైటోమియా ఈగలు ఇంకా బొద్దుగా, పెద్ద తలతో ఉంటాయి.

సిర్ఫిడ్ కాని ఈగలూ ఈ వేషం వేస్తాయి. కంపోస్టు గుంటల దగ్గర తిరిగే నల్ల సైనిక ఈగను కందిరీగ అనుకోని వారు తక్కువ. దాని పొట్ట మొదట్లో రెండు పారదర్శకమైన కిటికీలు ఉంటాయి. వాటిగుండా వెలుతురు వచ్చి లేని నడుమును చూపిస్తుంది, పైగా మీసాలు పొడుగు. బీర, కాకర, దోస పాదుల మీద వాలే పండు ఈగ ఎర్ర గోధుమ రంగు ఒంటి మీద పసుపు గీతలతో కందిరీగలా ఉంటుంది. రెక్కల మీద గోధుమ పట్టీ, మచ్చలు ఉంటే అది పండు ఈగ. సిర్ఫిడ్ ఈగ అని పొరబడి దాన్ని వదిలేస్తే పిందెలు కుళ్లుతాయి.

నిజంగా జాగ్రత్త పడవలసినవాటి సంగతి రెండు మాటల్లో. చూరుకింద కాగితపు గూడు కట్టే రోపలీడియా, పోలిస్టెస్ కందిరీగలు ఎగిరేటప్పుడు పొడుగు వెనక కాళ్లు కిందికి వేలాడుతుంటాయి. ఈగల్లో అలా కనిపించదు. నల్లని ఒంటి మీద ఒకే వెడల్పాటి పసుపు పట్టీతో ఉండే పెద్ద కందిరీగ వెస్పా ట్రోపికా. తేనెటీగ ముళ్లకొండి మన చర్మంలో ఇరుక్కుపోయి అది చస్తుంది. కందిరీగ మళ్లీ మళ్లీ కుట్టగలదు.

జాతి వరకు వెళ్లాలంటే

కుటుంబం తేల్చడానికి ఎదురుగా తీసిన ముఖం ఫొటో ఒకటి, పైనుంచి రెక్కలు కనబడేది ఒకటి, పక్కనుంచి కాళ్లు కనబడేది ఒకటి ఉంటే చాలు. జాతి పేరు వేరే సంగతి. భారతదేశపు సిర్ఫిడ్ ఈగలకు నేటికీ ఆధార గ్రంథం ఎన్రికో బ్రూనెట్టి 1923లో ఫానా ఆఫ్ బ్రిటిష్ ఇండియా శ్రేణిలో రాసిన సంపుటమే. అందులోని పేర్లలో చాలా తరువాత మారాయి, ప్రజాతుల హద్దులూ మారాయి. అందుకని పాత పేరుతో వెతికితే కొత్త వివరం దొరకదు. పారగస్ వంటి ప్రజాతుల్లో మగ ఈగ జననాంగాలను సూక్ష్మదర్శిని కింద చూస్తే తప్ప జాతి తేలదు. అలాంటి చోట ఎంత మంచి ఫొటో అయినా ప్రజాతి పేరు దగ్గరే ఆగుతుంది.